పెన్సిలు బొమ్మలో లేని చెయ్యి

“గురువారం మధ్యాహ్నం నాలుగింటికి ఎక్కడున్నావు?”

“చెప్పను.”

“మూడింటికి రిహార్సల్ అయిపోయింది. ఆరున్నరకి మీ అమ్మ ఇంట్లో సూపు గిన్నె ముందు కూర్చున్నావు. నడుమ మూడున్నర గంటలు. అవి ఏమయ్యాయి?”

“నా దగ్గరే ఉన్నాయి. ఎవరికీ ఇచ్చేది లేదు.”

మతురీన్ లెస్కో కుర్చీలో వెనక్కి వాలి ఎదుటి అమ్మాయిని తేరిపార చూసింది. జెలీ బ్రసాక్‌కి ఇరవై ఒక్కేళ్లు. పారిస్‌లో బాలే ఆడే నాటకశాలలో రెండో వరసలో నిలబడి నాట్యం చేసే పిల్ల. సరిగ్గా నాలుగు గంటల్లో, చిత్రకారుడు దెలోర్గ్‌ని చంపిన నేరం కింద ఆమెను మేజిస్ట్రేటు ముందు నిలబెట్టబోతున్నారు. ఆమె మాత్రం అలంకరణ గదిలో అద్దం ముందు కూర్చుని నాట్యపు చెప్పుకి రిబ్బను కుట్టుకుంటోంది. సూది ఒక్కసారి కూడా తడబడలేదు.

“పోలీసులకి చెప్పకపోతే పోనీ. నేను మీ అమ్మ పిలిస్తే వచ్చినదాన్ని.”

“మీరు కూడా పోలీసులాగే అడుగుతున్నారు మరి.”

మతురీన్‌కి కోపం రాలేదు. ఈ గది ఆమెకి కొత్త కాదు. పదకొండేళ్లు ఇదే నాటకశాలలో అమ్మాయిలకి దుస్తులు తొడిగింది. ఆ తర్వాత లెస్కో అనే ప్రైవేటు డిటెక్టివ్‌ని పెళ్లాడింది. ఆరేళ్ల కిందట భర్త పోతే, అందరూ తీసేస్తుందనుకున్న బోర్డుని తీయలేదు. కేసులు తనే చూడటం మొదలుపెట్టింది.

ఆమె లేచి, తలుపు తీసి బయట ఎవరూ లేరని చూసి, మళ్లీ మూసింది.

“ఇప్పుడు చెప్పు. ఈ గది దాటిపోదు.”

జెలీ సూది ఆపింది. “పదకొండుమందిమి కలిశాం. రొట్టెల దుకాణం పైన గదిలో. ఒక కాగితం రాసుకున్నాం. ఏప్రిల్ ఒకటి నుంచి, ఆట మధ్యలో తెరవెనక్కి వచ్చే చందాదారుల కోసం మాలో ఎవ్వరం ముస్తాబై నిలబడం. ఏడాదికి సీటు కొనుక్కుంటే కుర్చీ వాళ్లదవుతుంది, మేం వాళ్లవాళ్లం కామని. అందరం సంతకాలు పెట్టాం. ఇప్పుడు నేను ఆ గది పేరు చెబితే, ఇన్‌స్పెక్టరు పోయి ఎవరెవరున్నారని అడుగుతాడు. సోమవారానికి పదకొండుమందీ వీధిలో ఉంటారు.”

“నువ్వు జైల్లో ఉంటావు.”

“నేనొక్కదాన్నే కదా.”

మతురీన్ ఇంకో ప్రశ్నకి పోయింది. “బుధవారం ఆట అయ్యాక నలభై మంది చూస్తుండగా దెలోర్గ్‌ని చెంపమీద కొట్టావు. ఎందుకు?”

“పెన్సిలు కింద పెట్టనందుకు.”

“అర్థమయ్యేలా చెప్పు పిల్లా.”

“అర్థమయ్యేలానే చెప్పాను. మిగతాది చెబితే నా మాట నమ్మేదెవరు? ఇంతకుముందు చెప్పినవాళ్లు ఇద్దరున్నారు. ఇద్దరినీ పనిలోంచి తీసేశారు.” జెలీ దారం పళ్లతో కొరికింది. “నా బొమ్మ గీసినందుకు కొట్టానని రాసుకున్నారు పోలీసులు. రాసుకోనీ.”

“ఆ బొమ్మ నువ్వు చూశావా?”

“లేదు.”

“అయితే చెప్పులు వేసుకో. ఇద్దరం కలిసి చూద్దాం.”

*

దెలోర్గ్ అయిదో అంతస్తులో ఉండేవాడు. కింద తలుపు దగ్గర ఆ ఇంటి కాపలామనిషి గ్రిమో బీన్స్ ఒలుచుకుంటోంది. మతురీన్ ఆమె పక్కన చతికిలబడి తనూ నాలుగు కాయలు తీసుకుంది. ఒలుస్తూనే అడగడం మొదలుపెట్టింది.

“గురువారం పైకి ఎవరెవరు వెళ్లారు, గ్రిమో?”

“ఏం చెప్పను తల్లీ, నాలుగింటినుంచి పెరట్లో బట్టలుతికే షెడ్డులో ఉన్నాను. అయిదుకి పదినిమిషాలుందనగా లోపలికొచ్చా. అప్పుడే ఒకడు మెట్లు దిగి వీధిలోకి పోయాడు. వీపు కూడా చూళ్లేదు, చప్పుడు విన్నానంతే.”

“ఒకడు అంటున్నావు. చూడకుండానే మగాడని ఎలా తెలిసింది?”

“బూట్లు. చేతికర్ర కూడా. ఒక్కో మెట్టుకీ టక్కుమని ఆనించుకుంటూ, తొందరేం లేనట్టు దిగాడు. అయిదున్నరకి నేను బొగ్గులు పట్టుకుని పైకెళితే ఈయన పొయ్యి పక్కన పడున్నాడు, తల పగిలి.”

“ఇదంతా ఇన్‌స్పెక్టరుకి చెప్పావా?”

“ఆయన నన్ను అడిగింది ఒకటే. ‘నాట్యం చేసే పిల్ల వచ్చిందా?’ అని. ‘నేను చూళ్లేదు’ అన్నా. రాసుకుని పోయాడు.” గ్రిమో జెలీని ఎగాదిగా చూసి గొంతు తగ్గించింది. “ఆ పిల్ల ఈవిడేనా?”

“ఈమే. ఆరోజు దెలోర్గ్ బయటికి వెళ్లాడా?”

“పన్నెండింటికి కిందికి దిగి, వీధి మూల నిలబడే కూలివాడి చేతికి ఉత్తరం ఇచ్చాడు. ‘కోర్టు భవనానికి పట్టుకెళ్లు, ఆయన చేతికే ఇవ్వు, గుమాస్తాలకిచ్చి రావద్దు’ అన్నాడు. రాత్రంతా నిద్రలేని మొహంతో ఉన్నాడు పాపం.”

“ఆయన అంటే ఎవరు?”

“కవరు మీద పేరుంది. నాకు చదువు రాదు తల్లీ.”

మతురీన్ ఒలిచిన గింజలు గిన్నెలో వేసి లేచింది. గడియారం చూసుకుంది. పదకొండుకి అయిదు నిమిషాలుంది.

*

అయిదో అంతస్తు తలుపు తెరిచే ఉంది. గది మధ్యలో ఇన్‌స్పెక్టర్ కోర్బెల్, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి, దుబ్బు మీసం, ఎప్పుడూ చివరి గుండీ దాకా పెట్టుకున్న కోటు. ఏ పనైనా కాగితం మీద ఉన్నది ఉన్నట్టు చేస్తాడని పేరు. పోయినేడు ఒక నగల కేసులో అతను పట్టుకున్న పనిమనిషిని మతురీన్ నిర్దోషి అని తేల్చింది. అప్పటినుంచి ఆమె ఎదురుపడితే అతని మీసం ఒక పక్కకి లేస్తుంది.

“రండమ్మా లెస్కో గారూ. దర్జీపని మానేసి హత్యలు కుడుతున్నారా?”

“మీరు వదిలేసిన కుట్లు ఊడిపోతుంటే ఎవరో ఒకళ్లు వెయ్యాలిగా, ఇన్‌స్పెక్టరుగారూ.”

“ఈ పిల్లని ఇక్కడికెవరు తీసుకురమ్మన్నారు?”

“రెండింటికి మీకు అప్పగిస్తానని నాటకశాల మేనేజరు మాటిచ్చాడు. రెండు కావడానికి ఇంకా మూడు గంటలుంది. అందాకా ఈమె ఎక్కడ నిలబడాలో చెప్పే కాగితం ఉంటే చూపించండి.”

అలాంటి కాగితం లేదు. లేని కాగితాన్ని ఉందనే రకం కాదు కోర్బెల్. “దేన్నీ ముట్టుకోవద్దు,” అని పక్కకి తప్పుకున్నాడు.

గదికి ఒక పెద్ద కిటికీ, కప్పుకి దగ్గరగా ఎత్తులో లాగుడు తెర ఉన్న ఇంకో అద్దాల కిటికీ, మూలన బట్టలు మార్చుకునే అడ్డతెర. నేలమీద ఇనుప పొయ్యి, దాని అంచున ఎండిన రక్తం. బల్లమీద పెన్సిళ్లు, ఎండు రొట్టె ముక్క. చిత్రపటం స్టాండుకి గుచ్చి, ఒకే ఒక్క కాగితం.

జెలీ దాని ముందుకెళ్లి నిలబడింది.

అది పెన్సిలు బొమ్మ. పలచని పావడా, బిగించిన చెప్పులు, మెడకి నల్ల రిబ్బను. ఎడమకాలి మీద నిలబడిన నాట్యకత్తె శరీరమంతా ఎడమవైపుకి ఒరిగిపోతోంది. కుడిచెయ్యి వెనక్కి, భుజం ఎత్తున నిటారుగా చాచి ఉంది. ముఖం ఆ చేతికి దూరంగా తిరిగి ఉంది. కింద మూలన రాత: 13 మార్చి 1879, సాయంత్రం 4 గంటలు.

“గురువారం,” అన్నాడు కోర్బెల్. “సాయంత్రం నాలుగు. చచ్చేముందు ఆయన గీసిన ఆఖరి బొమ్మ ఇది. ఈమె ఇక్కడికొచ్చింది, నిలబడింది, పోట్లాడింది, తోసింది. అంతకుముందు రోజు చెంప కొట్టిన పిల్ల. గురువారం మధ్యాహ్నం ఆయన ఈమె మీద కోర్టుకి ఫిర్యాదు రాసి పంపాడు. ఆ భయంతో వచ్చింది. ఇందులో ఊడిన కుట్టు ఏదో చూపించండి.”

“ఆ ఫిర్యాదు మీరు చదివారా?”

“అందిందని మేజిస్ట్రేటు వోక్లేర్ గారే చెప్పారు.”

“కాగితం చూశారా అని అడిగాను.”

కోర్బెల్ మీసం లేచింది. “మేజిస్ట్రేటుగారు చెప్పాక కాగితం ఎందుకు?”

“మీ నోట ఆ మాట వినడం ఇదే మొదటిసారి. సరే, ఆ మేజిస్ట్రేటుగారు ఈమెని ఎన్నిసార్లు పిలిపించి అడిగారు?”

“ఇంకా లేదు. ఆయనకి పనులెక్కువ. ఈ గదికి కూడా రాలేదు. ఈరోజే మొదటిసారి.”

“హత్య జరిగి రెండు రోజులైంది. ముద్దాయి మొహం చూడలేదు, చోటు చూడలేదు. వారెంటు మాత్రం సంతకం అయిపోయింది.” మతురీన్ బొమ్మవైపు తిరిగింది. “జెలీ, ఇలా రా. ఈ బొమ్మలో ఉన్నట్టు నిలబడు.”

జెలీ కదల్లేదు. బొమ్మ చూసినప్పటినుంచి ఆమె ముఖం పాలిపోయింది.

“నిలబడు పిల్లా. ఇన్‌స్పెక్టరుగారు చూడాలి.”

ఆమె శాలువా తీసి కుర్చీమీద పడేసింది. ఎడమకాలి మీద బరువు వేసి, కుడికాలు వెనక్కి చాచి, ఒళ్లు పక్కకి ఒంచి, చెయ్యి చాచింది. క్షణం నిలబడింది. తూలి రెండడుగులు వేసింది. మళ్లీ నిలబడింది. మళ్లీ తూలింది.

“తొమ్మిదో ఏట నుంచి కాలివేళ్ల మీద నిలబడటం నేర్చిన మనిషి,” అంది మతురీన్. “ఇంకోసారి.”

మూడోసారి జెలీ పడబోయి బల్ల అంచు పట్టుకుంది. “ఇలా ఎవ్వరూ నిలబడలేరు. బరువంతా పక్కకుంది.”

“అవును. పదకొండేళ్లు పక్కతెరల చాటున నిలబడి ప్రతి భంగిమా చూశాను. ఇది ఏ నాట్యంలోనూ లేదు. ఇప్పుడు చూడండి ఇన్‌స్పెక్టరుగారూ.”

ఆమె వెనకగా వెళ్లి జెలీ కుడి మణికట్టు పట్టుకుంది. జెలీ ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. మరుక్షణం ఆ చేతినుంచి విడిపించుకోవడానికి ఎడమపక్కకి గట్టిగా లాగింది.

గదిలో ఇప్పుడు ఆ బొమ్మే ప్రాణంతో నిలబడి ఉంది. అదే ఒంపు, అదే మెడ, అదే చాచిన చెయ్యి. కొంచెం కూడా తూలడం లేదు.

కోర్బెల్ స్టాండువైపు చూశాడు. అమ్మాయివైపు చూశాడు. మళ్లీ స్టాండువైపు.

మతురీన్ చెయ్యి వదిలేసింది. “ఇది నాట్యం కాదు. ఈ పిల్ల ఎవరి చేతిలోంచో తప్పించుకుంటోంది. ఆ చెయ్యే బొమ్మలో లేదు. బుధవారం కదూ, జెలీ?”

జెలీ శాలువా తీసుకుని కప్పుకుంది. మాటలు ఒక్కొక్కటే వచ్చాయి.

“రెండో అంకం. నేను బయటికి పరిగెత్తాలి, నా వంతు వచ్చింది. పక్కతెర చాటునుంచి ఒకడు చెయ్యి పట్టుకున్నాడు. కొత్త చందాదారు. పేరు తెలీదు, ఆరోజే మొదటిసారి చూశాను. ‘తర్వాత ఆడుదువుగాని’ అన్నాడు. లాగుతున్నాను, వదలడు. నాలుగడుగుల అవతల దెలోర్గ్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నావైపే చూస్తున్నాడు. సాయం చేస్తాడనుకున్నాను.” ఆమె స్టాండువైపు వేలు చూపింది. “గీశాడు. నేను లాక్కుంటుంటే కూర్చుని గీశాడు. అందుకే కొట్టాను. మళ్లీ బతికొస్తే మళ్లీ కొడతాను.”

“కథ బాగుంది,” అన్నాడు కోర్బెల్. కానీ గొంతులో ముందున్న పదును లేదు. “ఇది బుధవారం గీసిందనడానికి ఆధారమేది? మూలన గురువారం అని ఉంది.”

“ముందు వెలుగు చూడండి. బొమ్మలో నీడ ఎక్కడ పడింది?”

“నుదుటి మీద.”

“గడ్డం కింద తెల్లగా ఉంది. అంటే వెలుగు కిందినుంచి వస్తోంది. ఈ గదిలో వెలుగు పైనుంచి, పక్కనుంచి వస్తుంది. కిందినుంచి వెలుగు పడేది ఒక్కచోటే, రంగస్థలం అంచున నేలమీద వరసగా పెట్టే గ్యాసు దీపాల దగ్గర. అవి బుధవారం వెలిగాయి. గురువారం ఆట లేదు. కావాలంటే దీపాలవాణ్ని అడగండి.”

కోర్బెల్ నోటుపుస్తకం తీశాడు. అతను రాసుకోవడం చూసి మతురీన్ అడుగు ముందుకేసింది.

“దెలోర్గ్ ఏ చేత్తో గీసేవాడు?”

“ఎడం చేత్తో,” అంది జెలీ.

“గోడమీద చూడండి. చీటీలన్నీ ఆయన రాసుకున్నవే. ప్రతి అక్షరం మీదా మసి. ఎడం చేత్తో ఇటునుంచి అటు రాస్తుంటే అరచెయ్యి రాసినదాన్నే తుడుస్తూ పోతుంది. ఈ తేదీ చూడండి. కడిగిన ముత్యంలా ఉంది. ఇది కుడిచేతి రాత. పైగా ఆ గోడకున్న ముప్పై బొమ్మల్లో ఒక్కదానిమీదైనా తేదీ ఉందా?”

కోర్బెల్ గోడ దగ్గరికి వెళ్లాడు. ఒక్కో చీటీకీ ముక్కు ఆనించి చూశాడు. బొమ్మలన్నీ వేలితో లెక్కపెట్టాడు. పెరట్లోంచి బట్టలు బాదే చప్పుడు తప్ప గదిలో ఏమీ వినపడటం లేదు.

“లేదు,” అన్నాడు చివరికి. అది ఒప్పుకోవడం అతనికి ఎంత కష్టమో మెడ చూస్తే తెలుస్తోంది. “అయితే ఆ చెయ్యి ఏమైంది?”

“ఆ రొట్టె చూడండి. తినడానికి కోసింది కాదు. పైపెచ్చు అలాగే ఉంది, లోపలి మెత్తటి భాగం మాత్రం గిల్లి తీశారు. పెన్సిలు గీత చెరపడానికి బొమ్మలవాళ్లు ఆ మెత్తటి భాగాన్నే వాడతారు. స్టాండు కింద నేలమీద చూడండి.”

కోర్బెల్ మోకాళ్లమీద కూర్చున్నాడు. చెక్కల సందుల్లో బూడిదరంగు పలుకులు నలిగి ఉన్నాయి. ఒకటి వేలితో తీసి నలిపితే వేలు నల్లబడింది.

“మీరు కాగితం ముట్టుకోవద్దన్నారు,” అంది మతురీన్. “కాబట్టి మీరే తీయండి. వెనక్కి తిప్పండి. పై అద్దానికి తెర లాగండి. కిటికీ రెక్క దగ్గరికి వేసి, జానెడు సందు మాత్రం ఉంచండి.”

అతను అలాగే చేశాడు. గది చీకటయింది. కిటికీ సందులోంచి వచ్చిన వెలుగు గీత కాగితం మీద అడ్డంగా పడింది.

తొందరలో గీసేవాడు పెన్సిలు గట్టిగా నొక్కుతాడు. రొట్టె మసిని తీసేసింది కానీ నొక్కుని తీయలేకపోయింది. కాగితం వెనకవైపు గీతలన్నీ సన్నని గట్లలా లేచి ఉన్నాయి. అడ్డ వెలుగులో ప్రతి గట్టుకీ ఒక నీడ. ముందు అమ్మాయి మణికట్టు కనిపించింది. దాని చుట్టూ అయిదు వేళ్లు. వేళ్ల వెనక చొక్కా చేతిపట్టీ, పొడుగు కోటు, ఎత్తు టోపీ. టోపీ కింద పక్కనుంచి చూపిన ముఖం. వంకీ తిరిగిన ముక్కు, గడ్డం నున్నగా గీసి చెంపలకి మాత్రం దువ్వి వదిలిన వెంట్రుకలు, నవ్వుతున్నట్టు ఒక మూలకి లాగిన పెదవి.

దెలోర్గ్ సాయం చేయలేదు కానీ, గీతలో ఒక్క అబద్ధం రానివ్వలేదు.

“వీడే,” అంది జెలీ.

కాగితం పట్టుకున్న కోర్బెల్ చెయ్యి మెల్లగా కిందికి దిగింది. పక్కనున్న స్టూలు చూసుకోకుండానే దానిమీద కూర్చున్నాడు. ఎప్పుడూ ఎవరిముందూ విప్పని కోటు పైగుండీ విప్పుకున్నాడు.

“ఎవరు?” అని అడిగింది మతురీన్.

“ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే ఈ ముఖం ముందు నిలబడతాను,” అన్నాడు. “బల్లకి ఇవతల నేను, అవతల ఆయన. సంతకం పెట్టేటప్పుడు ఇలాగే పక్కకి తిరుగుతాడు.” చూపు కాగితం మీదే ఉంది. “వోక్లేర్ గారు.”

మతురీన్ మనసులో విడివిడిగా ఉన్నవన్నీ ఒక్కసారి దగ్గరికొచ్చాయి. కోర్టు భవనానికి వెళ్లిన ఉత్తరం. గుమాస్తాలకి ఇవ్వొద్దన్న మాట. ఎవరూ చూడని ఫిర్యాదు.

“చెంపదెబ్బతో దెలోర్గ్‌కి సిగ్గేసింది,” అంది నెమ్మదిగా. “రాత్రంతా నిద్రపోలేదు. పొద్దున్నే ఆ పెద్దమనిషికి రాశాడు, నిన్ను గీశాను, అందరికీ చూపిస్తాను అని. నాలుగింటికి ఈయన వచ్చాడు. చెరపమన్నాడు. దెలోర్గ్ చెరపనన్నాడు. ఈయన తోశాడు, తర్వాత తనే చెరిపాడు.”

“మరి కాల్చెయ్యొచ్చుగా? పొయ్యి పక్కనే ఉంది,” అన్నాడు కోర్బెల్. తన పై అధికారికి ఏదో ఒక దారి వెతుకుతున్నట్టుంది ఆ గొంతు.

“కాలిస్తే ఆయన ముఖం చూసిన ఈ పిల్ల మిగిలే ఉంటుంది. తనని తాను చెరిపేసి తేదీ వేస్తే, సాక్షే ముద్దాయి అవుతుంది. రెండింటికి ఈమె ఆయన గదిలోకి వెళ్లి ‘ఇతనే’ అని అరిచినా, శిక్షకి భయపడి కూస్తోందంటారు. అందుకే ఈమెని పిలవలేదు. అన్నీ అయ్యేదాకా ఈమె కంట పడకూడదు.” ఆమె అతనివైపు తిరిగింది. “నేను ఈ కేసులో దిగానని ఆయనకి తెలుసా?”

కోర్బెల్ ముఖం ఎర్రబడింది. “మీరు దిగారని, నేను ఇక్కడుంటానని పొద్దున్నే చీటీ పంపాను. నియమం ప్రకారం.”

కింద వీధిలో బండి ఆగిన చప్పుడయింది. ఆ వెంటనే మెట్ల అడుగునుంచి గ్రిమో గొంతు: “పైనే ఉన్నారండీ, దొరగారూ! అందరూ పైనే ఉన్నారు!”

“అమ్మాయిని ఆ అడ్డతెర వెనక దాచండి,” అన్నాడు కోర్బెల్ లేస్తూ. “నన్ను మాట్లాడనివ్వండి.”

“నేను దాక్కోను,” అంది జెలీ. ఆమె గది మధ్యకి వచ్చి శాలువా తీసేసింది. చొక్కా కుడిచేతిని మోచేతి దాకా మడిచింది. మణికట్టు మీద నాలుగు నీలం మచ్చలు, లోపలివైపు ఒకటి.

మేజిస్ట్రేటు వోక్లేర్ ఒంటరిగా వచ్చాడు. టోపీ తీయలేదు. ఓవర్‌కోటు జేబులో ఉన్న కుడిచెయ్యి బయటికి తీయలేదు. జెలీని చూసి గుమ్మంలో అరక్షణం ఆగాడు, అంతే.

“మీ చీటీ అందింది, కోర్బెల్. బొమ్మ నాకిచ్చి, ఈ పిల్లని కిందికి తీసుకెళ్లండి. బండి ఉంది.”

“ఒక చిన్న సందేహం, దొరగారూ...”

“సందేహాలు నా పని. అరెస్టులు మీ పని.” అతని చూపు దగ్గరికి వేసిన కిటికీ రెక్క మీద పడింది. అక్కణ్ణుంచి కోర్బెల్ చేతిలో వెనక్కి తిరిగి ఉన్న కాగితం మీదికి దిగింది. అతను ఎడమచేత్తో తలుపు మూశాడు. తాళంచెవి తిప్పి జేబులో వేసుకున్నాడు.

“కోర్బెల్, ఆ పొయ్యి అంటించండి.”

“అది సాక్ష్యం, దొరగారూ.”

“అది చెత్త కాగితం. ఏప్రిల్‌లో మీ పై పదవి కాగితం నా బల్ల మీదికి వస్తోంది. ఏది అంటించాలో, ఏది సంతకం పెట్టాలో ఇద్దరం తెలివిగా ఆలోచిద్దాం.” అతను మతురీన్ వైపు తలతిప్పాడు. “ఈ ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు హంతకురాలు, ఇంకొకరు దుస్తులు తొడిగే మనిషి. మన ఇద్దరి మాటకి ఎదురుగా వీళ్ల మాట ఏ కోర్టు వింటుంది?”

“ఇద్దరి మాట అని ముందే లెక్క వేసుకోకండి,” అంది మతురీన్. “ఆయన ఇంకా ఏమీ అనలేదు.” ఆమె నడిచి వచ్చి పొయ్యికి అడ్డంగా నిలబడింది. వోక్లేర్ జేబులోని చెయ్యి కదిలింది. గుడ్డ లోపలినుంచి ఏదో గట్టిది పొడుచుకొచ్చింది. ఆమె దాన్ని చూసింది. కదల్లేదు.

అప్పుడే కిటికీ రెక్క ధడాలున గోడకి కొట్టుకుంది.

జెలీ కిటికీ గట్టు మీదికి ఎక్కి నిలబడింది. ఒక చేత్తో చట్రం పట్టుకుని, ఒళ్లు బయటికి వంచి, నాటకశాల చివరి వరసకి కూడా వినపడేలా కేక పెట్టింది.

“అమ్మల్లారా! ఇటు చూడండి! నా పేరు జెలీ బ్రసాక్! బట్టలుతికే ఫిలొమీన్ కూతుర్ని!”

పెరట్లో బట్టలు బాదే చప్పుడు ఆగిపోయింది.

“దిగు!” అన్నాడు వోక్లేర్. మొదటిసారి అతని గొంతు చీలింది.

“దెలోర్గ్‌ని చంపినవాడు ఈ గదిలో ఉన్నాడు! పేరు వోక్లేర్! మేజిస్ట్రేటు వోక్లేర్! తలుపుకి తాళం వేశాడు! జేబులో తుపాకీ ఉంది! నన్ను కాలిస్తే మీ అందరి ముందూ కాల్చాలి! పైకి రండి!”

కింద పది గొంతులు ఒకేసారి లేచాయి. ఎవరో బకెట్టు పడేశారు. కర్రచెప్పుల చప్పుడు రాళ్లమీదినుంచి మెట్లమీదికి ఎక్కింది. మొదటి అంతస్తు, రెండో అంతస్తు. గ్రిమో గొంతు అన్నిటికన్నా ముందు వస్తోంది.

వోక్లేర్ తలుపువైపు చూశాడు. తనే వేసిన తాళం. అతని చూపు గోడలన్నీ తిరిగి కోర్బెల్ దగ్గర ఆగింది.

“కోర్బెల్. ఇది ఆజ్ఞ.”

ఇన్‌స్పెక్టర్ బొమ్మని మడత పడకుండా జాగ్రత్తగా మతురీన్ చేతికి ఇచ్చాడు. విప్పుకున్న గుండీ మళ్లీ పెట్టుకున్నాడు. రెండడుగులు వేసి, పొడుచుకొచ్చిన ఆ జేబుకి ఎదురుగా ఛాతీ పెట్టి నిలబడ్డాడు. ముఖంలో రంగు లేదు. చాచిన అరచెయ్యి మాత్రం నిలకడగా ఉంది.

“తాళంచెవి ఇలా ఇవ్వండి, దొరగారూ,” అన్నాడు.

బయట మొదటి పిడికిలి తలుపు మీద పడింది.